యాక్సిలరేటర్ తొక్కితే కారు వణుకుతోందా? కారణం కనిపెట్టి సరిచేయించడం ఎలా?

కర్నూలు దాటి డోన్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తూ, ముందున్న లారీని దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే కారు వణకడం మొదలైతే, మనలో చాలామంది నేరుగా టైర్ల షాపుకు వెళ్లి వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తారు. అప్పటికీ తగ్గకపోతే టైర్లే మార్చేస్తారు. నేను కూడా రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించిన తరువాతనే, లోపం చక్రాల్లో కాక, ఇంజను బలాన్ని చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటులో ఉందని తెలుసుకున్నాను. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు, వణుకు వేగాన్ని బట్టి వస్తోందా, ఇంజను తిరిగే తీరును బట్టి వస్తోందా, లేక కేవలం కాలు నొక్కడాన్ని బట్టి వస్తోందా అన్నది తేల్చుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.

మొదట, బండి కదిలించకముందే నాలుగు చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో వీల్ పానాతో చూడండి. నట్లు వదులైనా కారు వణుకుతుంది, అన్నిటికంటే ప్రమాదకరమైన కారణం అదే. తరువాత టైర్ల గాలి, పక్కభాగాల్లో ఉబ్బులు, రిమ్ముల సొట్టలు పరిశీలించండి. నల్లరేగడి పొలాల దారిలో వాన పడిన మరునాడు వెళ్లివచ్చిన కారైతే రిమ్ముల లోపలివైపు తప్పకుండా చూడాలి. అక్కడ అంటుకున్న మట్టి ఎండి రాయిలా బిగుసుకుంటుంది. ఐదు, పది గ్రాముల బరువులు పెట్టి సరిచేసే చక్రానికి గుప్పెడు మట్టి అంటితే సమతూకం ఎంత చెడుతుందో ఊహించవచ్చు. కడిగి చూస్తే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

రెండవది, రోడ్డు పరీక్ష. రద్దీ లేని తిన్నని దారిలో, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, వణుకు వచ్చే వేగం దాకా వెళ్లి కాలు తీసేయండి. కాలు తీసినా అదే వేగంలో వణుకు కొనసాగితే చక్రాలనూ టైర్లనూ అనుమానించాలి. ఇది సాధారణంగా 80 నుంచి 100 కిలోమీటర్ల వేగం మధ్య ఎక్కువగా తెలుస్తుంది. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనుక చక్రాలు కారణం కావచ్చు. కాలు తీసిన మరుక్షణమే వణుకు ఆగిపోతే బ్యాలెన్సింగ్ గురించి ఆలోచించనవసరం లేదు. అప్పుడు అదే వేగంలో గేరు మార్చి చూడండి. మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ ఒకే వేగం దగ్గర వణుకు వస్తే డ్రైవ్ షాఫ్టును, గేరు మారగానే వణుకు తీరు మారితే ఇంజనును అనుమానించాలి. బండి నిలిపి, న్యూట్రల్‌లో ఇంజనును రేజ్ చేసినా వణికితే లోపం ఇంజనులోనో, దాన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగుల్లోనో ఉన్నట్టు. మొదటి గేరులో క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే అదిరితే క్లచ్ ప్లేటు చూపించాలి.

ఇంజను మీద అనుమానం ఉంటే మిస్‌ఫైర్‌తో, అంటే సిలిండరులో ఇంధనం సరిగా మండకపోవడంతో, మొదలుపెట్టండి. పెట్రోలు కారు మామూలుగా నడిచేటప్పుడు బాగానే ఉండి, కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే కుదుపులతో వణుకుతుంటే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులో, వాటికి వోల్టేజీ అందించే కాయిళ్లో బలహీనపడి ఉండవచ్చు. కాలు నొక్కినప్పుడు సిలిండరులోకి గాలి ఎక్కువగా చేరి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే చదునైన రోడ్డు మీద దాగి ఉన్న లోపం ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరి దాన్ని పాడుచేస్తుంది, దాని ఖరీదు ప్లగ్గుల ఖరీదుకు ఎన్నో రెట్లు ఎక్కువ.

లోపాల కోడ్లు చదివే స్కానరు పెట్టించినప్పుడు పీ 0301 అని వస్తే ఒకటో సిలిండరు, పీ 0302 అని వస్తే రెండో సిలిండరు మిస్ అవుతోందని అర్థం. పీ 0300 అంటే ఏ ఒక్క సిలిండరుకూ పరిమితం కాని మిస్‌ఫైర్. ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్ ఉండే కార్లలో, అనుమానమున్న కాయిలును పక్క సిలిండరు కాయిలుతో మార్చి నడిపి చూడండి. కోడు కూడా పక్క సిలిండరుకు మారితే కాయిలే దోషి. మారకపోతే ప్లగ్గును అలాగే మార్చి చూడాలి, ఆపైన ఇంధనం చిమ్మే ఇంజెక్టరు సంగతి. ప్లగ్గు కొన లేత గోధుమరంగులో ఉంటే మంచిదే, నల్లటి మసి పట్టినా నూనె అంటినా కారణం వెతకాలి. ఈ పనులన్నీ ఇంజను ఆపి, చల్లబడిన తరువాతే చేయాలి. కొత్త ప్లగ్గును ముందు చేతితోనే మర వెంట తిప్పి, ఆ తరువాతే పానా వాడాలి. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరును, వేడికి పగిలిన రబ్బరు గొట్టాలను కూడా ఈ సమయంలోనే చూసుకోండి. డీజిలు కారులో స్పార్క్ ప్లగ్గులు ఉండవు కనుక డీజిల్ ఫిల్టరు, అందులో చేరిన నీరు, ఇంజెక్టర్లు, టర్బో గొట్టాలు పరీక్షించాలి.

మౌంటింగుల పరీక్షకు బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, మొదటి గేరులో క్లచ్‌ను కొంచెం మాత్రమే వదలాలి. ఇంజను ఒక పక్కకు బాగా లేచి పడితే మౌంటింగ్ రబ్బరు తెగినట్టే. ఈ పరీక్ష చేసేటప్పుడు కారు ముందు ఎవరూ నిలబడకూడదు, చూసేవారు పక్క నుంచే చూడాలి.

నా కారులో దొరికిన లోపం, అంటే లోపలి జాయింటు అరుగుదల, చాలామందికి తట్టదు. ఈ జాయింటు లోపల మూడు రోలర్లు గాడుల్లో జారుతుంటాయి. గాడుల్లో గుంటలు పడితే, ఇంజను బలం పడినప్పుడు రోలర్లు సాఫీగా జారక కారు ఎడమకూ కుడికీ ఊగినట్టు వణుకుతుంది, కాలు తీయగానే ఆగిపోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని శబ్దం వస్తే అది చక్రం వైపు ఉండే బయటి జాయింటు. జాయింటును కప్పి ఉంచే రబ్బరు బూటు చినిగితే గ్రీజు చిమ్మి, చుట్టుపక్కల జిడ్డుగా కనబడుతుంది. తొందరగా గమనిస్తే జాయింటు శుభ్రం చేసి, కొత్త గ్రీజు, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. గుంటలు పడితే మాత్రం జాయింటు గాని షాఫ్టు గాని మార్చక తప్పదు. ఇది జాకీ మీద కారు నిలబెట్టి ఇంట్లో చేసే పని కాదు, షెడ్డులోనే చేయించండి, షాఫ్టును చక్రం దగ్గర బిగించే హబ్ నట్టు కొత్తది వేయమని అడగండి. బొలెరో వంటి వెనుక చక్రాలతో నడిచే బండ్లలో వెనుకకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, అంటే దాని జాయింట్లు, చూపించాలి. షాఫ్టు విప్పే ముందు రెండు వైపులా గుర్తు పెట్టించి, మళ్లీ అదే స్థానంలో బిగింపజేయాలి.

రిపేరు అయ్యాక షెడ్డు చుట్టూ ఒక చక్కరు కొట్టి డబ్బు చెల్లించవద్దు. వణుకు ఏ దారిలో, ఏ గేరులో, ఏ వేగంలో వచ్చిందో అక్కడే, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూడండి. చక్రాలు విప్పి ఉంటే 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత నట్లు మరోసారి బిగించండి.