ఎస్‌ఎస్‌డీ మీద భారీ రాతపని పెట్టే ముందు

మామూలు వాడకంలో ఎస్‌ఎస్‌డీ (డేటాను ఫ్లాష్ చిప్పుల్లో దాచే, రాసేకొద్దీ అరిగే డ్రైవ్) అరిగిపోతుందని బెంగపడనక్కర్లేదు. 1 టీబీ డ్రైవ్‌కి 600 టీబీడబ్ల్యూ హామీ ఉందనుకోండి, అంటే 600 టెరాబైట్లు రాసేదాకా కంపెనీ పూచీ. రోజుకు 50 జీబీ రాసినా అది తీరడానికి 32 ఏళ్లు దాటుతుంది. అదే 20 జీబీ ఫైలును పది నిమిషాలకోసారి తిరగరాసే స్క్రిప్టు పెట్టి వదిలేస్తే రోజుకు 2.88 టీబీ. ఏడు నెలల్లో పూచీ హుష్‌కాకి! అలాంటి పని మొదలుపెట్టబోయేవాళ్ల కోసమే ఈ మాటలు.

ముందు డ్రైవ్ ఇప్పుడెలా ఉందో రాసిపెట్టుకోండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ చూపిస్తాయి. ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) అయితే ‘పర్సెంటేజ్ యూజ్డ్’ (ఎంత శాతం అరిగింది), ‘డేటా యూనిట్స్ రిటెన్’ (ఎంత రాశారు) చాలు. ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. పని మొదలెట్టి ఒక రోజు గడిచాక మళ్లీ చూస్తే రోజు ఖర్చు తేలుతుంది, ఆపైన భాగహారమే. పర్సెంటేజ్ 100 దాటితే డ్రైవ్ ఆగిపోదు, కంపెనీ వేసిన లెక్క అయిపోయిందంతే.

ఒకే ఫైలును తిరగరాస్తే ఒకే చోటు అరుగుతుందనుకుంటారు. కాదు. ఫ్లాష్‌లో రాసినచోటే మళ్లీ రాయడం కుదరదు. కొత్త రాత వేరే పేజీలోకి (ఫ్లాష్‌లో ఒకసారికి రాసే చిన్న ముక్క) పోతుంది, పాత పేజీ చెల్లనిదవుతుంది. చెరపాలంటే మాత్రం వందల పేజీలున్న బ్లాకు మొత్తాన్నీ చెరపాల్సిందే. అందులో పనికొచ్చే పేజీలుంటే డ్రైవ్‌ను నడిపే చిప్, అంటే కంట్రోలర్, ముందు వాటిని మరోచోటికి మోస్తుంది. ఆ మోత కూడా అరుగుదలే, పైగా ‘డేటా యూనిట్స్’ లెక్కలో కనబడదు. డ్రైవ్ నిండేకొద్దీ మోత ఎక్కువవుతుంది. అందుకే 15-20 శాతం ఖాళీ ఉంచండి, ట్రిమ్ (ఏ డేటా ఇక అక్కర్లేదో డ్రైవ్‌కి చెప్పే ఏర్పాటు) నడుస్తోందో లేదో చూసుకోండి.

పెద్ద ఫైళ్ల సంగతి అందరికీ తెలుస్తుంది, చిన్న రాతలే దొంగదెబ్బ తీస్తాయి. వంద బైట్ల లాగ్ లైనును సెకనుకోసారి ఎఫ్‌సింక్ చేస్తే (వెంటనే డ్రైవ్ మీదికి రాయమంటే), మామూలుగా ప్రతిసారీ కనీసం 4 కేబీ బ్లాకు రాయాల్సి వస్తుంది. నలభై రెట్లు! ప్రోగ్రాం మీ చేతిలో ఉంటే కాసేపు పోగేసి ఒక్కసారే రాయించండి. తాత్కాలిక ఫైళ్లను ర్యామ్‌లో ఉండే టీఎంపీఎఫ్‌ఎస్‌లో పెట్టండి, కరెంటు పోతే పోయినా ఫర్వాలేదనుకున్నవే సుమా. క్యూఎల్‌సీ డ్రైవ్‌లను (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కేవి, త్వరగా అరుగుతాయి) ఈ పనికి పెట్టకపోవడమే మేలు.

రహస్య ఫైలును తుడిచేయడానికి దానిమీద పలుమార్లు రాయమనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది హార్డ్ డిస్కుల కాలం నాటి అలవాటు. ఇక్కడ ఆ రాతలు వేరే పేజీలకు పోతాయి, పాత డేటా చిప్‌లో ఉండిపోవచ్చు. డ్రైవ్ అరిగిందే తప్ప రహస్యం చెరిగిందన్న నమ్మకం లేదు. డ్రైవ్ అమ్మేటప్పుడు డ్రైవ్ తనను తానే చెరుపుకునే ఆదేశాలైన సెక్యూర్ ఎరేజ్ గానీ శానిటైజ్ గానీ వాడండి (అంతా పోతుంది, బ్యాకప్ అయ్యాకే). మొదటినుంచీ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇంకా నయం.

పూచీ తీరిన డ్రైవ్‌ను బ్యాకప్ కోసం సొరుగులో పడేయకండి. ఆ దశకొచ్చిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది డేటా నిలిపితే చాలంటుంది జెడెక్ (చిప్పుల ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం.