తొలి వసంతంలో కనబడ్డ పిట్టల కబురు పదిమందికీ పనికొచ్చేలా ఎలా చెప్పాలి?

చలి వదిలే రోజుల్లో ఏదో ఒక పొద్దున పిట్టలు చూసేవాళ్ల గ్రూపులో మెసేజ్ పడుతుంది: "వచ్చేసింది!!" కింద ఒక ఫోటో. కొమ్మల మధ్య బూడిదరంగు మచ్చ ఒకటి. పదిమంది చప్పట్ల బొమ్మలు పెడతారు. ఏ పిట్ట, ఏ చెరువు, ఎన్నింటికి, ఎన్ని కనబడ్డాయి అని ఎవరూ అడగరు. ఏడాది తిరిగాక "పోయినసారి ఇది ఎప్పుడు దిగింది?" అని ఎవరికైనా అనుమానం వస్తే, ఆ మెసేజ్ వెతికి పట్టుకున్నా లాభం ఉండదు.

సంబరం పంచుకోవద్దని నేననను. అలాంటి మెసేజ్‌లు నేనూ బోలెడు పెట్టాను. ఇంకో నాలుగు ముక్కలు చేరిస్తే అదే సంబరం రికార్డవుతుంది, అంతే. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆసామి 1736లో వసంతపు గుర్తులను తేదీలతో సహా రాసిపెట్టడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, ఏ పిట్ట ఎప్పుడు కూసింది అని. ఆయన తర్వాత ఆ కుటుంబం వాళ్లు 1958 వరకు ఆ పని కొనసాగించారు. వాతావరణం మారితే రుతువులు ఎలా ముందుకూ వెనక్కూ జరుగుతాయో చూసేవాళ్లు ఇప్పటికీ ఆ తేదీలను తిరగేస్తున్నారు. ఆయన చేసిందల్లా చూసింది చూసినట్టు, చూసిన రోజునే రాసుకోవడం.

మొదటి మెట్టు: పిట్ట రాకముందే వెళ్లడం మొదలుపెట్టండి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎవరో "వచ్చింది" అన్నాక బైనాక్యులర్ పట్టుకుని బయల్దేరతారు. అప్పుడు మీరు చూసిన తేదీ మీరు వెళ్లిన తేదీ అవుతుంది కానీ పిట్ట వచ్చిన తేదీ కాదు. అది అంతకు వారం ముందే దిగి ఉండొచ్చు.

అందుకే ఇంటికి దగ్గర్లో ఒక చోటు ఎంచుకోండి. చెరువుగట్టు, పార్కు, కాలువ పక్క దారి, ఏదైనా పర్వాలేదు. గొప్ప చోటు కానక్కర్లేదు, మీరు తరచూ వెళ్లగలిగేదైతే చాలు. చలికాలం చివర్నుంచే వారానికి రెండుమూడుసార్లు అదే దారిలో నడవండి. సమయం లేదంటే ఒక్కచోట నిలబడి పదిహేను నిమిషాలు చూడండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పిట్టల లెక్క, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్, అడిగేది కూడా కనీసం పదిహేను నిమిషాలే.

వెళ్లిన ప్రతిసారీ రాయండి. కొత్తది ఏదీ కనబడకపోతే, ఎదురుచూస్తున్న పిట్ట పేరు పక్కన "లేదు" అని రాయండి. చేతకానితనంలా అనిపిస్తుంది కానీ, తర్వాత మీరు రాయబోయే "ఉంది"కి విలువ తెచ్చేది ఆ "లేదు"లే.

రెండో మెట్టు: రాక వేరు, కూత వేరు

వసంతం మొదట్లో మూడు రకాల కబుర్లు కలగాపులగంగా వస్తాయి. కొన్ని పిట్టలు కొత్తగా దిగుతాయి. చలికాలమంతా మనతో గడిపినవి కొన్ని వెళ్లిపోతాయి. ఎటూ వెళ్లకుండా ఇక్కడే ఉన్నవి కొన్ని ఒక్కసారిగా గొంతు విప్పుతాయి. పగటి వెలుగు పెరిగేకొద్దీ వాటి ఒంట్లో జత కట్టే కాలం మొదలవుతుంది, పాట అందుకు గుర్తు.

చిక్కంతా ఈ మూడో రకంతోనే. కోకిలనే చూడండి. "వసంతం రాగానే కోకిల వచ్చింది" అంటాం. నిజానికి చాలాచోట్ల అది ఏడాది పొడుగునా ఆ చెట్లలోనే ఉంటుంది, చలికాలంలో పెద్దగా నోరు మెదపదు, ఆకుల చాటున ఉంటుంది కాబట్టి మన కంట పడదు. అదే యూరప్‌లో ఉండే కోకిల చుట్టం కక్కూ అయితే ఆఫ్రికాలో చలికాలం గడిపి నిజంగానే తిరిగొస్తుంది. రెండింటికీ "మొదటి కూత విన్నాను" అని రాయొచ్చు. "వచ్చింది" అని మాత్రం రెండోదానికే రాయాలి.

కాబట్టి ఆ కాలానికి మీ చుట్టుపక్కలకు వచ్చేవి ఏవి, పోయేవి ఏవి, ఉండిపోయేవి ఏవి అని ముందుగానే ఒక కాగితం మీద మూడు వరసలు రాసి పెట్టుకోండి. స్థానిక ఫీల్డ్ గైడ్‌లో, అంటే పిట్టలను గుర్తుపట్టడానికి వాడే బొమ్మల పుస్తకంలో, ఈ వివరం ఉంటుంది.

మూడో మెట్టు: ఏ పొద్దున వెళ్లాలి?

సూర్యోదయం నుంచి రెండుమూడు గంటలు మంచి సమయం. చిన్న పిట్టల్లో చాలావరకు రాత్రిళ్లే వలస ప్రయాణం చేసి తెల్లారేసరికి దిగుతాయి. వాటి దారిలో వెనకనుంచి గాలి వీచిన రాత్రి గడిచాక, ఆ పొద్దున తప్పకుండా వెళ్లండి. తెల్లవారుజామున వాన పడినా వెళ్లండి. ఎగురుతున్నవి ముందుకు సాగలేక దొరికిన పొదలో వాలిపోతాయి. చాలా జాతుల్లో మగవి ముందొస్తాయి కాబట్టి గైడ్‌లో మగపిట్ట బొమ్మ ఒకసారి చూసుకుని వెళ్లడం మేలు. ఆకు రాల్చిన చెట్లు ఇంకా పూర్తిగా చిగురించకపోతే అదృష్టమే. ఇంకో నెలపోతే ఆ కొమ్మల్లో పాట వినబడుతుంది కానీ పాడేది కనబడదు.

నాలుగో మెట్టు: పేరు ఆఖర్న రాయండి

ముందు చూసింది రాయండి. పిచ్చుకంత ఉందా, గోరింకంతా, కాకంతా? ముక్కు సూదిలా ఉందా, గింజలు కొరికేలా లావుగా ఉందా? కంటిపైన గీత ఉందా? తోక ఊపుతోందా? నేల మీద గెంతుతోందా, నడుస్తోందా? ఇవి రాసుకున్నాకే పుస్తకం తెరవండి. ముందే పుస్తకం తెరిస్తే బొమ్మలో ఉన్నదంతా పిట్ట మీద కూడా కనబడుతుంది. మనసు అంత మోసకారి.

మన భాషతో ఇక్కడ ఒక పేచీ ఉంది. "కొంగ" అంటాం. అందులో తెల్లకొంగలూ బూడిదకొంగలూ ఎర్రకాళ్ల పెద్ద కొంగలూ అన్నీ ఇమిడిపోతాయి. అవన్నీ వేర్వేరు జాతులు, కొన్నయితే వేర్వేరు కుటుంబాలు కూడా. "వానకోయిల" అన్న మాటదీ అదే కథ. స్వాలోకీ అదే పేరు, స్విఫ్ట్‌కీ అదే పేరు. స్వాలో కరెంటు తీగ మీద వరసగా కూర్చుంటుంది. బార్న్ స్వాలో అయితే గొంతు దగ్గర ఇటుకరంగు, తోక చివర లోతుగా చీలిన రెండు పుల్లలు. స్విఫ్ట్ కొడవలిలా వంగిన రెక్కలతో గాలిలోనే తిరుగుతుంది, తీగ మీద కూర్చోదు. ఈ రెండింటి రాకపోకల తేదీలు ఒకటి కావు. తెలుగు పేరు వాడండి, నాకదే ఇష్టం కూడా. కానీ దాని పక్కన గైడ్‌లో ఉన్న పేరు కూడా చేర్చండి.

చెవిని కూడా పూర్తిగా నమ్మొద్దు. గోరింక చుట్టమైన యూరోపియన్ స్టార్లింగ్ ఇతర పిట్టల కూతలను అచ్చంగా అనుకరిస్తుంది. ఏట్రింత జాతికే చెందిన రాకెట్-టెయిల్డ్ డ్రోంగోలు కూడా అంతే. ఇంకా రావాల్సిన పిట్ట కూత వినబడితే, కూసేది ఎవరో కంటితో చూసేదాకా ఆగండి. మెర్లిన్ యాప్‌లో 2021 నుంచి పాట విని పేరు చెప్పే సదుపాయం ఉంది. బాగానే పనిచేస్తుంది, నేనూ వాడతాను. కానీ అది చెప్పింది ఆచూకీగానే తీసుకుంటాను. యాప్ చెప్పిందని కాక, నేనే విని లేదా చూసి తేల్చుకున్నప్పుడే జాబితాలో రాస్తాను.

ఐదో మెట్టు: లెక్కపెట్టండి

"చాలా ఉన్నాయి" అన్నది లెక్క కాదు. పెద్ద గుంపైతే పది పిట్టలు ఎంత మేర ఆక్రమించాయో చూసి, అలాంటి మేరలు ఎన్ని ఉన్నాయో అంచనా వేయండి. పొదలోకి వెళ్తూ వస్తూ ఉన్న చిన్నపిట్టలైతే ఒకేసారి కంటికి కనబడ్డ గరిష్ఠ సంఖ్య రాయండి. ఒక్కదాన్నే నాలుగుసార్లు లెక్కపెట్టే ప్రమాదం తప్పుతుంది.

ఆరో మెట్టు: కబురు రాయడం

ఇప్పుడు మెసేజ్. నేను రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"మార్చి 9, ఉదయం 6.40 నుంచి 7.25. చెరువు తూర్పుగట్టు, ఒక కిలోమీటరు నడక. బార్న్ స్వాలో 3, నీటి మీద ఎగురుతూ, తోక చీలిక స్పష్టంగా కనబడింది. ఇదే దారిలో 4న, 6న, 8న చూశాను, లేవు. వాగ్‌టైల్ 5, ఇంకా ఉన్నాయి. పొదలో ఒక వార్బ్లర్, కూత మాత్రమే, ఏదో తేల్చుకోలేకపోయాను."

(వాగ్‌టైల్ అంటే తోక ఊపుతూ నేల మీద నడిచే చలికాలపు పిట్ట, వార్బ్లర్ అంటే పొదల్లో తిరిగే చిన్న పిట్ట.) ఇందులో తేదీ, చోటు, సంఖ్య ఎలాగూ ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించేవి మిగతా రెండు: "చూశాను, లేవు", "తేల్చుకోలేకపోయాను". తేల్చుకోలేనిదాన్ని అలాగే వదిలేయడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఊహించి పేరు పెట్టడమే చిక్కు తెస్తుంది.

గ్రూపులో పెట్టిన కబురు రెండు రోజుల్లో గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పూడిపోతుంది. అందుకే దాన్ని ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా వేయండి. పిట్టల మీద పనిచేసే అమెరికా సంస్థలు కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈ జాబితాల ఖజానాను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. జాబితా పంపేముందు అది ఒక ప్రశ్న వేస్తుంది: మీరు గుర్తుపట్టిన పిట్టలన్నీ ఇందులో రాశారా? అవునని చెప్పగలిగితేనే ఆ జాబితాకు పూర్తి విలువ. కొత్తగా వచ్చినదాన్ని రాసి కాకినీ పావురాన్నీ వదిలేస్తే, జాబితాలో లేని పిట్ట అక్కడ నిజంగా లేదో, మీరు రాయలేదో చెప్పలేం.

ఇంకో సంగతి. మొదటి తేదీ మోజు మనల్ని కొంచెం పక్కదారి పట్టిస్తుంది. నిరుడు ఇద్దరు చూసే చోట ఈ ఏడు ఇరవైమంది చూస్తే మొదటి పిట్ట ముందే దొరుకుతుంది. పిట్ట ముందొచ్చిందా, కళ్లు పెరిగాయా? 1881లో అమెరికాలో వెల్స్ కుక్ అనే ఆయన వలస తేదీలు సేకరించడం మొదలుపెట్టాడు. ఆ పని 1970 దాకా సాగి దాదాపు 60 లక్షల కార్డులు పోగయ్యాయి. వాటిలో మొదట ఎప్పుడు చూశారన్నదొక్కటే కాదు, మళ్లీ ఎప్పుడు చూశారు, ఎప్పటినుంచి మామూలుగా కనబడసాగింది, ఆఖరుసారి ఎప్పుడు చూశారు అని కూడా అడిగేవారు. మీ పుస్తకంలోనూ ఆ నాలుగు గళ్లు గీసుకోండి. ఒంటరిగా దారితప్పి ముందొచ్చిన పిట్టకూ, గుంపు దిగిన రోజుకూ తేడా అప్పుడు తెలుస్తుంది.

ఏడో మెట్టు: చెప్పకూడనివి

గూడు ఎక్కడుందో చెప్పకండి. గుడ్లగూబ పగలు కునుకు తీసే చెట్టు ఆచూకీ కూడా వద్దు. పదిమంది కెమెరాలతో చుట్టుముడితే తల్లిపిట్ట గుడ్లు వదిలేసి పోతుంది. అరుదైనదైతే ఊరు, మండలం స్థాయి వివరం చాలు. ఈబర్డ్ కూడా ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల చోటును తనే దాచిపెడుతుంది. ఫోన్‌తో తీసిన ఫోటో ఫైల్‌లో చోటు వివరాలు దాగి ఉండొచ్చని చాలామందికి గుర్తుండదు. పంపేముందు అవి తీసేయండి. పిట్టను బయటికి రప్పించడానికి స్పీకర్లో దాని పాట వేయడం మానండి. తన జాగాలోకి ఇంకో మగపిట్ట చొరబడిందని అది హడలిపోయి, తిండి మానేసి వెతుక్కుంటుంది.

ఎవరైనా తప్పు చెబితే?

"అది కాదులెండి" అని తేల్చేయకండి. "ఏం చూసి గుర్తుపట్టారు?" అని అడగండి. ఒకసారి నేను ఎంతో ఉత్సాహంగా స్విఫ్ట్‌లు వచ్చాయని రాశాను. ఒక పెద్దాయన మెల్లగా "తీగ మీద కూర్చున్నాయా?" అని అడిగారు. కూర్చున్నాయి. అంతే, ఇంకేం మాట్లాడలేదాయన. నేనే మెసేజ్ దిద్దుకున్నాను. ఈబర్డ్‌లోనూ కాలం కాని కాలంలో ఏదైనా రాస్తే వివరం అడుగుతుంది, ఆ ప్రాంతపు స్వచ్ఛంద పరిశీలకులు చూస్తారు. ఎవరైనా మీకు ప్రశ్న పంపితే అవమానంగా తీసుకోకండి.

ఆఖరి మెట్టు: వెళ్లిపోయేవాటి కబురు

దీన్ని అందరూ మరిచిపోతారు. వచ్చిన పిట్టకు ఆర్భాటం ఉంటుంది, వెళ్లిన పిట్ట చప్పుడు చేయదు. పైగా ఫలానా పొద్దున చూసిందే ఆఖరుదని ఆ పొద్దున ఎవరికీ తెలీదు. వరసగా నాలుగైదుసార్లు వెళ్లి లేదని రాసుకున్నాకే వెనక్కి తిరిగి ఆ తేదీ గుర్తుపట్టగలం.

నా పాత పుస్తకంలో వాగ్‌టైల్ వచ్చిన రోజు చుట్టూ మూడు రంగుల్లో గీతలున్నాయి. వెళ్లిన రోజు ఎక్కడా లేదు. పోయిన వసంతంలో దాని పేరు పక్కన ఒకే వరస రాస్తూ పోయాను: ఉంది, ఉంది, ఉంది, లేదు, ఉంది, లేదు, లేదు, లేదు. మే నెల మొదట్లో ఆ వరసలోని ఆఖరి "ఉంది" దగ్గరికి తిరిగొచ్చి, దాని కింద పెన్సిల్‌తో ఒక గీత గీశాను.