చెన్నై అక్షాంశానికి రోమన్ నీడగడియారం: వేలాడదీసే గొట్టంతో చేసుకొనే పద్ధతి

రోమన్లు వెంట తీసుకువెళ్ళిన నీడగడియారాలలో ఇంట్లో చేసుకోవడానికి అన్నిటికంటే అనువైనది స్తంభాకారపుది. ఉత్తర ఇటలీలోని ఎస్తె పట్టణంలో, క్రీ.శ. 1వ శతాబ్దపు సమాధిలో, ఎముకతో చేసిన అటువంటి చిన్న స్తంభం ఒకటి దొరికింది. వెసూవియస్ అగ్నిపర్వతం కింద పూడిపోయిన రోమన్ పట్టణం హెర్క్యులేనియం తవ్వకాలలో 18వ శతాబ్దంలో బయటపడిన కంచు గడియారం ఇంకా ప్రసిద్ధమైనది. అది వేలాడదీసిన పంది తొడ ఆకారంలో ఉంటుంది, తోక కొస నీడే గంటను చూపుతుంది. రెండింటికీ సూత్రం ఒక్కటే. సూర్యుడు ఎంత పైకి ఎక్కితే నిలువు తలం మీద నీడ అంత కిందికి దిగుతుంది కాబట్టి, నేల మీది నీడకు భిన్నంగా ఇక్కడ మధ్యాహ్నపు నీడే పొడవైనది. ఉత్తర దిక్కు తెలియనక్కరలేదు, తేదీ తెలిస్తే చాలు.

గీతలు గీసే ముందు రోమన్ గంట అంటే ఏమిటో స్పష్టంగా ఉండాలి. వారు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని 12 సమభాగాలు చేశారు. ఆరో గంట ముగిసేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. పగలు పెరిగితే గంటా పెరుగుతుంది. రోములో జూన్ నాటి గంట మన లెక్కలో సుమారు 75 నిమిషాలు, డిసెంబరులో సుమారు 45. చెన్నైలో ఆ తేడా చాలా తక్కువ: జూన్‌లో సుమారు 64 నిమిషాలు, డిసెంబరులో 56.

ఇంటర్నెట్‌లో దొరికే ఇటలీ నమూనాను అచ్చు వేసి గొట్టానికి చుట్టడం మాత్రం వద్దు. క్రీ.పూ. 263లో రోమన్ కాన్సల్ (ఏడాది కాలపు అత్యున్నత పాలకుడు) మానియస్ వలేరియస్ మెస్సల్లా సిసిలీలోని కటానియా నుంచి యుద్ధంలో గెలుచుకున్న నీడగడియారాన్ని తెచ్చి రోము నగరపు బహిరంగ కూడలి అయిన ఫోరంలో నిలిపాడని, దాని గీతలు రోముకు సరిపడకపోయినా 99 ఏళ్ళపాటు జనం దాన్నే అనుసరించారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రెండు ఊళ్ళ మధ్య అక్షాంశ భేదం దాదాపు నాలుగున్నర డిగ్రీలు. చెన్నైకీ విశాఖపట్నానికీ మధ్య ఉన్నది కూడా అంతే.

శానిటరీ సామాన్ల దుకాణంలో 63 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క, 12 సెంటీమీటర్ల పొడవున, అంచులు సమంగా కోయించుకొని తీసుకోండి. గొట్టం బయటి వెడల్పుతో దళసరి అట్టను రెండు బిళ్ళలుగా కత్తిరించండి. ఒకదానికి నడుమ దారం కట్టి, దారానికి ఒక ఇనుప నట్టు తగిలించి, ఆ బిళ్ళను గొట్టం అడుగున అంటించండి. దారాన్ని గొట్టం లోపలి నుంచి పైకి తీసి, రెండో బిళ్ళ నడిమి రంధ్రం గుండా లాగితే, బరువంతా దారం మోస్తుంది, పై బిళ్ళ స్వేచ్ఛగా తిరుగుతుంది. పై బిళ్ళ అడుగున కొబ్బరి చీపురు ఈనె ఒకటి, గొట్టం అంచు మీద ఆనేటట్టుగా, గొట్టం బయటి తలం నుంచి సరిగ్గా 2 సెంటీమీటర్లు బయటికి పొడుచుకు వచ్చేలా అంటించండి. నీడ పడవేసే ఈ పుల్లే శంకువు. ఈ 2 సెంటీమీటర్లలో రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా ప్రతి గీతా పదో వంతు తప్పుతుంది కనుక, ఈ ఒక్క కొలత దగ్గర ఓపిక పట్టడం అవసరం.

ఇప్పుడు కాగితపు పట్టీ. రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున అర్ధ సంవత్సరం 18.2 సెంటీమీటర్లవుతుంది, గొట్టం చుట్టుకొలతలో అది చక్కగా ఇముడుతుంది. ఎడమ అంచున డిసెంబరు 21 గీత గీసి, అక్కడి నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర ఫిబ్రవరి 19 (అదే అక్టోబరు 23), 8.9 దగ్గర మార్చి 20 (సెప్టెంబరు 23), 12.4 దగ్గర ఏప్రిల్ 24 (ఆగస్టు 18), 18.2 దగ్గర జూన్ 21 నిలువు గీతలు గీయండి. పట్టీ పై అంచు నుంచి కిందికి, ఒకటో గంట నుంచి వరుసగా, సెంటీమీటర్లలో గుర్తులు ఇవి. డిసెంబరు గీత మీద 0.4, 0.9, 1.4, 2.0, 2.5, ఆరో గంటకు 2.7. ఫిబ్రవరి గీత మీద 0.5, 1.0, 1.7, 2.6, 3.7, 4.4. మార్చి గీత మీద 0.5, 1.1, 1.9, 3.1, 5.6, 8.6. ఏప్రిల్ గీత మీద 0.5, 1.1, 2.0, 3.4, 7.4, అంతటితో సరి. జూన్ గీత మీద 0.5, 1.1, 1.9, 3.2, 6.0, 10.9. ఒకే గంట గుర్తులను మెత్తని వంపుతో కలిపితే గంట గీతలు వస్తాయి. ప్రతి గీతా ఆ గంట ముగిసే క్షణం. పట్టీ పై అంచు గొట్టం పై అంచుతో సమంగా ఉండేలా దాన్ని గొట్టానికి చుట్టండి.

ఏప్రిల్ గీత మీద ఆరో గంట లేకపోవడం పొరపాటు కాదు. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు చెన్నై నడినెత్తిన ఉంటాడు, నిలువు గోడ మీద నీడకు అంతు ఉండదు. అందుకే ఆరో గంట గీత మార్చి నెలాఖరులో గొట్టం కింది అంచు దాటిపోయి జూన్‌లో మళ్ళీ కనిపిస్తుంది. రోములో సూర్యుడు ఎన్నడూ 72 డిగ్రీలు దాటడు కాబట్టి అక్కడివారికి ఈ ఇబ్బంది లేదు. మరోవైపు, మార్చి నుంచి సెప్టెంబరు వరకు మొదటి నాలుగు గంటల గుర్తులు ఇంచుమించు ఒకేచోట ఉండడం మన ఊరికి దక్కిన సౌకర్యం.

వాడేటప్పుడు శంకువును ఆ నాటి తేదీ మీదికి తిప్పి, దారం పట్టుకొని, పుల్ల నీడ నిట్టనిలువుగా ఆ తేదీ గీత వెంట పడేదాకా గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పాలి. నీడ కొస ఏ గంట గీతను తాకితే అది సమయం. అది పొద్దుటి మూడో గంటా, మధ్యాహ్నపు తొమ్మిదో గంటా అన్నది గొట్టం చెప్పదు. కాసేపు ఆగి చూస్తే నీడ పొడుగవుతుంటే పూర్వాహ్నం, కురచబడుతుంటే అపరాహ్నం. మధ్యాహ్నం సముద్రపు గాలికి గొట్టం ఊగుతుంది, కనుక డాబా మీద నీళ్ళ ట్యాంకు గోడ చాటున, ఎండ పడే చోట నిలబడి చూడటం మేలు. ఫోనుతో సరిచూసుకొనేవారు చెన్నైలో నిజమైన మధ్యాహ్నం ఫిబ్రవరి మధ్యలో సుమారు 12:23కు, నవంబరు మొదట్లో సుమారు 11:53కు వస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇదే పట్టీ బెంగళూరులోనూ పనికివస్తుంది, ఎందుకంటే అక్షాంశం దాదాపు ఒకటే. ఫోను గడియారంతో పోల్చినప్పుడు మాత్రం అక్కడ మధ్యాహ్నం చెన్నైకంటే 11 నిమిషాలు ఆలస్యం. సంక్రాంతికి విశాఖ తీసుకువెళ్తే పనికిరాదు. జనవరి 14న అక్కడి మిట్టమధ్యాహ్నపు నీడ సుమారు 2.5 సెంటీమీటర్లే ఉంటుంది, చెన్నై పట్టీ మీద ఆ రోజు ఐదో గంట గీతే 2.6 దాటి ఉంటుంది. అంటే ఆ గడియారం ప్రకారం విశాఖలో మధ్యాహ్నమే అవదు. వేరే ఊరికి లెక్క ఇలా చేయాలి: ఆ రోజు సూర్యోదయం నుంచి మధ్యాహ్నం దాకా సూర్యుడు తిరిగే కోణాన్ని ఆరు భాగాలు చేస్తే ప్రతి గంటకూ హోరాకోణం (మధ్యాహ్నపు స్థానం నుంచి సూర్యుడు ఎంత కోణం దూరంలో ఉన్నాడో అది) వస్తుంది, అక్షాంశం సైన్‌ను క్రాంతి (ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉన్నాడో అది, దక్షిణాన ఉంటే రుణసంఖ్య) సైన్‌తో హెచ్చించి, దానికి అక్షాంశం కాస్, క్రాంతి కాస్, హోరాకోణం కాస్ మూడింటి లబ్ధాన్ని కలిపితే సూర్యుడి ఉన్నతి (దిగంతం నుంచి ఎత్తు, డిగ్రీలలో) సైన్ వస్తుంది, ఆ ఉన్నతి టాన్‌ను రెండుతో హెచ్చిస్తే నీడ పొడవు సెంటీమీటర్లలో దొరుకుతుంది. గొట్టం అదే ఉంచి ఊరికొక పట్టీ గీసుకోండి, ప్రతి పట్టీ మీదా ఊరి పేరు, అక్షాంశం రాసి పెట్టండి.