చుక్క కారదు, కూలెంట్ తగ్గుతుంది (మన డీజిల్ కారు మనమే చూసుకుందాం – 4వ పాఠం)

పోయిన పాఠంలో కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) డబ్బా మీద కాగితం ప్లాస్టర్ అంటించి, రోజూ పొద్దున్నే బండి తియ్యకముందు మట్టం దగ్గర గీత గియ్యమన్నాను. పక్కన తేదీ, ముందురోజు తిరిగిన కిలోమీటర్లు, ఏ దారిలో తిరిగారు అన్నది కూడా రాయమన్నాను. ఈ పాఠం చదివేటప్పుడు ఆ పుస్తకం పక్కనే ఉండాలి. రాయనివాళ్లు ముందు రెండు వారాలు రాసి, అప్పుడు ఇది చదవండి. ఆ లెక్క లేకుండా కూలెంట్ జబ్బు పట్టుకోవడం నిజంగా సాధ్యం కాదు.

ముందు, అసలు తగ్గుతోందా లేదా అన్నది తేల్చుకోవాలి. కూలెంట్ వేడెక్కితే పొంగుతుంది. ఆరు లీటర్లు పట్టే ఇంజన్లో చల్లగా ఉన్నప్పటి మట్టానికీ, బాగా వేడెక్కినప్పటి మట్టానికీ సుమారు పావు లీటరు తేడా వస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే చూసి "నిండుగా ఉంది", పొద్దున చూసి "తగ్గిపోయింది" అనుకునేవాళ్లు చాలామంది. అది తగ్గడం కాదు. అలాగే ఈమధ్యే కూలెంట్ మార్పించుకున్న బండిలో లోపల ఇరుక్కున్న గాలి బయటికొచ్చేకొద్దీ మొదటి కొన్ని రోజులు మట్టం దిగుతుంది, తర్వాత ఆగిపోతుంది. అదీ జబ్బు కాదు. ఈ రెండూ పక్కన పెట్టాక కూడా గీతలు కిందకే పోతుంటే అప్పుడు పని మొదలుపెట్టాలి. "డీజిల్ బండి నెలకి అరలీటరు తాగడం మామూలేనండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది మూసి ఉన్న వ్యవస్థ. ఆరోగ్యంగా ఉన్న బండికి నెలల తరబడి చుక్క పొయ్యక్కర్లేదు.

పోయే దారులు మూడే. ఒకటి, బయటికి. రెండు, పొగ వెళ్లే దారిలోకి గానీ సిలిండర్‌లోకి గానీ. మూడు, ఇంజన్ ఆయిల్‌లోకి. మనం ఈ మూడింటినీ తక్కువ ఖర్చుతో తేలేదాని నుంచి ఎక్కువ ఖర్చయ్యేదాని వైపు వరసగా చూసుకుంటూ వెళ్లాలి. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు చాలాచోట్ల వరస తిరగబడుతుంది. కింద చుక్క కనిపించకపోతే మొదటి మాటే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దించీడమే" అని వస్తుంది. హెడ్డు అంటే సిలిండర్ల పైనుండే మూత, దానికీ కింది ఇంజన్ దిమ్మకీ మధ్య ఉండే పొర హెడ్ గ్యాస్కెట్. హెడ్డు దించితే కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు, లేత్ దగ్గర హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయించడం), వాల్వులు సమయానికి తెరుచుకునేలా మళ్లీ టైమింగ్ అమర్చుకోవడం. ఖర్చు వేలల్లో ఉంటుంది, బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది. అన్నీ అయ్యాక కూలెంట్ మళ్లీ తగ్గితే ఆ మనిషి బాధ చెప్పలేం.

బయటికి పోయేది

ఒక్క హెచ్చరిక ముందు. వేడి ఇంజన్ మీద మూత తిప్పకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న కూలెంట్ మూత వదలగానే ఒక్కసారి మరిగి మొహం మీదికి ఎగుస్తుంది. రేడియేటర్ పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత ముట్టుకోవాలి.

కింద తడి లేదంటే లీకు లేదని కాదు. వేడి ఇంజన్ మీద పడ్డ చుక్క నేలకి చేరకముందే ఆవిరైపోతుంది. అందుకే వెతకడం తెల్లవారుజామున, బండి చల్లగా ఉన్నప్పుడు. ఇనుము, రబ్బరు చల్లబడి సర్దుకున్నాక క్లిప్పుల దగ్గర సందు తెరుచుకుంటుంది. పగలు పట్టుబడని లీకు అప్పుడే పట్టుబడుతుంది. టార్చి వేసి చూడాల్సింది తడి ఒక్కటే కాదు, మరక కూడా. కూలెంట్ ఆరిపోతే దాని రంగులోనే, గులాబీయో పచ్చో, పొడిపొడిగా ఒక చార మిగులుతుంది. మంచినీళ్లో బోరునీళ్లో పోస్తూ వచ్చిన బండిలో ఆ చార తెల్లగా ఉంటుంది.

వాటర్ పంపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. పంపు ఒంటి మీద, కింది వైపు, కావాలని వదిలిన చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీరు బేరింగ్‌లోకి పోకుండా ఆ బెజ్జం నుంచి బయటికి రావాలని పెట్టింది అది. అక్కడ ఎండిన చార కిందికి దిగి, చివర గట్టిపడి పెళ్లలా కట్టి ఉంటే పంపు సీలు పోయినట్టే. పెళ్లని గోటితో గీరి తుడిచి, రెండు రోజులు నడిపి మళ్లీ చూడండి. కొత్త చార పడితే ఇంక సందేహం లేదు. పంపు టైమింగ్ బెల్టుతో తిరిగే ఇంజనైతే పంపు మార్చేటప్పుడే బెల్టు కూడా మార్చెయ్యాలి.

తర్వాత రేడియేటర్. ప్లాస్టిక్ తొట్టె అల్యూమినియం జాలీతో కలిసే అంచు చుట్టూ చూడండి. భోగాపురం, పూసపాటిరేగ, కళింగపట్నం వైపు సముద్రపు గాలిలో తిరిగే బండ్లకి జాలీ రెక్కలు కింది వైపు నుంచి పొడిపొడిగా రాలతాయి. రెక్కలు రాలినచోట గొట్టం కూడా పలచబడి ఉంటుంది.

క్యాబిన్ లోపల హీటర్ కోర్, అంటే వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్, ఉంది. మన ఎండలకి హీటర్ వేసేది ఎవరు అనుకుంటాం గానీ, వెయ్యకపోయినా చాలా బండ్లలో దానిలో కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది. ముందు సీటు కింద తివాచీ తడిగా ఉండి వేలికి జిగటగా, వాసన కాస్త తియ్యగా ఉంటే అది కూలెంట్. వాసన, రంగు, జిగట ఏవీ లేకపోతే ఏసీ నీరు, కంగారు అక్కర్లేదు.

ఇక మూత. దాని మీద 1.1 అనో 1.4 అనో ఒక అంకె ఉంటుంది. అన్ని బార్ల ఒత్తిడి దాకా మూత బిగపట్టి ఉంచాలని దానర్థం. ఒత్తిడి బయటి గాలి కంటే 1 బార్ ఎక్కువ ఉంటే మామూలు నీళ్లు కూడా 100 దగ్గర కాక 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. మూత స్ప్రింగు అలసిపోతే కూలెంట్ ముందే మరిగి ఆవిరిగా పోతుంది, కింద ఆనవాలు ఉండదు. మూత చవక. పాతబడితే అనుమానం మీదే కొత్తది, అదే అంకె ఉన్నది, వేసేయండి.

కంటితో దొరకకపోతే ప్రెజర్ టెస్టర్. చేతి పంపు, ఒత్తిడి చూపే గడియారం, మూత స్థానంలో కూర్చునే అడాప్టర్, అంతే దాని సరంజామా. రేడియేటర్ పని చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఇంజన్ చల్లగా ఉండగా మూత మీద అంకె ఎంతో అంతవరకే కొట్టండి, దాటించవద్దు. ఇరవై నిమిషాలు ముల్లు కదలకుండా నిలబడితే బయటి లీకు పెద్దదేమీ లేనట్టే. ముల్లు దిగుతూ ఎక్కడా తడి కనపడకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. అప్పుడు అసలు పాఠం.

లోపలికి పోయేది

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒత్తిడి ఏ వైపు నుంచి ఏ వైపుకి తోస్తుంది అన్నదే. తక్కినవన్నీ దాని నుంచే వస్తాయి.

హెడ్ గ్యాస్కెట్ చిల్లు సిలిండర్ వైపు తెరుచుకుందనుకోండి. డీజిల్ మండేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి 100 బార్లు దాటుతుంది. కూలెంట్‌లో ఉండేది మహా అయితే బారున్నర. కాబట్టి ఇంజన్ నడిచేటప్పుడు గ్యాసు కూలెంట్‌లోకి చొరబడుతుంది. డబ్బాలో బుడగలు వస్తాయి, పైపులు బిగుసుకుంటాయి, మూత నుంచి కూలెంట్ బయటికి తన్నుతుంది. ఇంజన్ ఆపాక సిలిండర్‌లో ఒత్తిడి పోతుంది, అప్పుడు కూలెంట్ అటు జారుతుంది.

ఈజీఆర్ కూలర్ సంగతి వేరు. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌కే పంపి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే ఏర్పాటు ఈజీఆర్. ఆ పొగని చల్లార్చడానికి చాలా డీజిల్ కార్లలో చిన్న కూలర్ ఉంటుంది. పలుచటి లోహపు గోడకి ఒక పక్క వందల డిగ్రీల పొగ, ఇంకో పక్క 90 డిగ్రీల కూలెంట్. ఏళ్ల తరబడి వేడికి సాగుతూ ముడుచుకుంటూ, మసిలోని ఆమ్లం తింటూ ఆ గోడ చిట్లుతుంది. పొగ వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి గ్యాసు ఇటు రాదు. కూలెంటే అటు పోతుంది, ఇంజన్ దాన్ని పీల్చుకుని ఆవిరి చేసి బయటికి వదిలేస్తుంది. డబ్బాలో బుడగలు ఉండవు. ఆయిల్ శుభ్రంగా ఉంటుంది. కింద చుక్క ఉండదు. కూలెంట్ మాత్రం తగ్గుతూనే ఉంటుంది.

గజపతినగరంలో ఒక మాస్టారి డీజిల్ కారుకి సరిగ్గా ఇదే జరిగింది. రోజూ సాలూరు బడికి వెళ్లొచ్చే బండి. ఒక షెడ్డులో హెడ్డు దించాలన్నారు. ఆయన రాసుకున్న పుస్తకం చూస్తే, రామభద్రపురం మీదుగా చదునైన దారిలో తిరిగిన రోజులకీ, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కిన రోజులకీ కిలోమీటరు లెక్కన తగ్గుదల ఇంచుమించు ఒకటే. హెడ్ గ్యాస్కెట్ అయితే ఘాట్ ఎక్కిన రోజు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనపడాలి. ఇంజన్ మీద బరువు పడినప్పుడే సిలిండర్ ఒత్తిడి చిల్లుని వెడల్పు చేస్తుంది. పొద్దున స్టార్ట్ చెయ్యగానే పొగగొట్టం నుంచి గుప్పుమని తెల్లపొగ, రెండు నిమిషాల్లో మాయం. వాసన తియ్యగా ఉంది. ఈజీఆర్ పైపు విప్పి చూశాం. మామూలుగా ఆ పైపులో మసి పొడిగా నల్లగా ఉండాలి. ఇక్కడ ఒక పక్క మసి కడిగేసినట్టు పోయి లోహం మెరుస్తోంది, కింది వంపులో మసి తడిసి ముద్దగా ఉంది. కూలర్ దింపి, కూలెంట్ మూతుల్లో ఒకదాన్ని రబ్బరుతో బిగించి, రెండోదానికి సైకిల్ పంపు తగిలించి బకెట్ నీళ్లలో ముంచితే పొగ వైపు మూతి లోపల ఒక మూల నుంచి సన్నగా, ఆగకుండా బుడగలు. కూలర్ మార్చారు, హెడ్డు ముట్టుకోలేదు.

కొందరు కూలర్‌కి వెళ్లే రెండు పైపులనీ ఒకదానికొకటి కలిపి బండి పంపించేస్తారు. రెండు మూడు రోజుల పరీక్షకి, అదీ ఈజీఆర్ వాల్వ్ పనిచేయకుండా ఆపి చేస్తే సరే గానీ, అదే మరమ్మత్తు అనుకోవడం తప్పు. పొగ నియంత్రణ పోతుంది, ఇంజన్ లైటు వెలుగుతుంది.

తెల్లపొగని చూసి తొందరపడకండి. మార్గశిర, పుష్య మాసాల పొద్దుల్లో మంచి బండికీ కాస్త ఆవిరి వస్తుంది. కళ్లు మండించే, ఘాటు వాసన వేసే తెల్లపొగ అయితే అది కాలని డీజిల్. హీటర్ ప్లగ్గులో, ఇంజెక్టర్లో చూడాలి.

హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం తీర్చుకునే పరీక్ష ఇంట్లోనే ఉంది. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే మూత ఒకసారి విప్పి, ఒత్తిడి సున్నా చేసి మళ్లీ బిగించండి. స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో పై పైపు నొక్కి చూడండి. కూలెంట్ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి పైపు మెత్తగా ఉండాలి. గాలి నిండా కొట్టిన సైకిల్ టైరులా ఉంటే గ్యాసు చేరుతోంది. రూఢి చేసుకోవాలంటే నీలం ద్రవంతో చేసే పరీక్ష ఉంది. డబ్బాలో కూలెంట్ పైనున్న గాలిని ఆ ద్రవం గుండా పీలుస్తారు. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే రంగు మారుతుంది. డీజిల్ ఇంజన్ ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు ఆ వాయువు తక్కువ వదులుతుంది, అందుకని బండిని ఎత్తు మీదికి నడిపి తెచ్చాక చేయించండి. కూలెంట్ మాత్రం పరికరంలోకి పీల్చనివ్వకూడదు.

పొద్దున స్టార్ట్ చేస్తే సెల్ఫ్ 'టక్' అని ఆగిపోయిందా? తాళం ఇంకొకసారి తిప్పొద్దు. సిలిండర్‌లో కూలెంట్ చేరి ఉండొచ్చు. నీరు నలగదు, పిస్టన్‌ని తోసే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

మూడో దారి, ఆయిల్‌లోకి. గేజ్ కడ్డీ తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరిగి, లేత గోధుమ రంగుకి తిరిగి ఉంటే బండి ఆపేయాలి. ఆయిల్ కూలర్ గానీ గ్యాస్కెట్ గానీ కారణం. ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త నురగ ఉండి కడ్డీ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది వానాకాలంలో చిన్న దూరాలు తిరిగిన చెమ్మ.

వెతికినన్ని రోజులూ ఏం పొయ్యాలి? మీ బండి పుస్తకంలో చెప్పిన రకం కూలెంటే, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. రంగు చూసి కొనకండి, ఒకే రంగులో వేరే రకాలు ఉంటాయి. బోరు నీరు వద్దు, అందులోని లవణాలు వేడికి పొలుసు కడతాయి. పసుపు పొయ్యడం మన డ్రైవర్లకి తెలిసిన ఉపాయమే, అడవి దారిలో రేడియేటర్ చిల్లుపడితే ఊరు చేరడానికి పనికొస్తుంది. ఇంటికొచ్చాక మాత్రం అదీ, లీకు మూసే మందులూ హీటర్ కోర్‌లోని సన్నటి గొట్టాలకి అడ్డుపడతాయి. తీసిన పాత కూలెంట్‌ని కాలవలో పారబొయ్యకండి, పళ్లెంలో వదిలెయ్యకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, మేకలు తాగుతాయి, అది వాటికి విషం. పిల్లలకీ అంతే.

ఇంకొకటి. ఉష్ణోగ్రత ముల్లు మామూలుగా ఉందని ధీమా పడకండి. కూలెంట్ మట్టం ఉష్ణోగ్రత సెన్సర్ కంటే కిందికి దిగిపోతే ఆ సెన్సర్ ఆవిరినే కొలుస్తుంది, తక్కువ చూపిస్తుంది. ఘాట్ ఎక్కే ముందు ముల్లు కాదు, డబ్బా చూడండి.

వచ్చే పాఠంలో ఈజీఆర్ కూలర్ దింపి కొత్తది బిగిస్తాం. కూలర్ రెండు పక్కలకీ కొత్త గ్యాస్కెట్లు, పైపులకి కొత్త క్లిప్పులు, మీ బండికి సరిపడా కూలెంట్, టార్క్ రెంచి (బోల్టుని కొలిచినంత బిగువుకే బిగించే పానా) సిద్ధం చేసుకోండి. ఇంజన్ నుంచి పొగ వచ్చే మేనిఫోల్డ్ వైపు బోల్టులు వేడికి కరుచుకుని ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి.