మొదటి మోడల్ విమానం కిట్ కొనేముందు

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మావాడు విమానం తయారు చేస్తానంటున్నాడు, ఏ కిట్ కొనమంటావు?" అడిగే మనిషి అప్పటికే ఒకటి చూసి పెట్టుకునే ఉంటాడు. అది స్పిట్‌ఫైరో, సుఖోయో అయి ఉంటుంది. నేను వద్దంటాను. అవతల గొంతు చప్పబడిపోతుంది.

నేనూ అలా మోజుపడ్డవాడినే. నా మొదటి కిట్ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని కట్టాను. చేత్తో విసిరితే పది సెకన్లు కూడా నిలవలేదు. ముక్కలు సంచిలో ఏరుకుని ఇంటికొచ్చాను. తప్పు కిట్‌ది కాదు. యుద్ధ విమానానికి రెక్క చిన్నది, బరువు ఎక్కువ. వేగం కాస్త తగ్గితే చాలు, ఒక రెక్క వాల్చి కింద పడుతుంది. ఒరిగితే తనంతట తాను సర్దుకోదు. చేతులు అలవాటు పడనివాడికి దాన్ని కాపాడేంత టైమ్ దొరకదు.

అసలు ఎగరేయాలనే కోరికే లేకపోతే ఇదంతా అక్కర్లేదు. 1/72 స్కేలు (అసలు విమానంలో డెబ్బై రెండో వంతు) ప్లాస్టిక్ కిట్, కాస్త రంగు, సన్నటి బ్రష్షు తెచ్చుకోండి. అందులో ఏ ఫైటరైనా కట్టుకోవచ్చు.

ఎగరేసేదైతే మాత్రం ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. మొదటి విమానం పడుతుంది. పొద్దున పడితే సాయంత్రానికి అతికించుకోగలిగేది కొనండి. రెక్క పొట్టకు పైన ఉండాలి, దాని రెండు కొసలూ కొద్దిగా పైకి లేచి ఉండాలి. అలాంటిది ఒరిగినా, రిమోటు మీది స్టిక్ వదిలేస్తే చాలావరకు తనే నిలదొక్కుకుంటుంది. రెక్క పొడవు మీటరు నుంచి మీటరున్నర లోపు ఉంటే చాలు. మోటారు, తోక మీద రెండు కంట్రోళ్లు (పైకీ కిందికీ ఒకటి, పక్కలకు ఒకటి) ఉంటే నేర్చుకోవడానికి సరిపోతుంది. ఐలరాన్లు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, రెండో విమానానికి చూసుకోవచ్చు.

బల్సా అనే తేలిక చెక్కతో చేసే కిట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నాకూ అదంటేనే ఇష్టం. కానీ ఒక్కసారి ముక్కు నేలకు తగిలిందంటే వారం పని. వానాకాలంలో తేమకు పలక వంకర పోతుంది కూడా. ఫోమ్ షీటుతోనో, ఎన్నికల బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటుతోనో చేసేవి మొరటుగా ఉన్నా దెబ్బకు ఓర్చుకుంటాయి. సన్‌ప్యాక్ కొంచెం బరువు. దాని లోపలి గొట్టాలు రెక్క పొడవునా వచ్చేలా కోయాలి, అడ్డంగా కోస్తే రెక్క మధ్యలో మడత పడుతుంది.

డబ్బు కట్టే ముందు పెట్టెలో ఏమేం ఉన్నాయో చదవండి. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. 'కిట్' అంటే చాలాసార్లు కోసిన పలకలు, ఒక ప్లాన్, అంతే. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగం మార్చే సర్క్యూట్), సర్వోలు (తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), రిసీవరు (రిమోటు సిగ్నల్ అందుకునేది), రిమోటు, బ్యాటరీ, ఛార్జరు అన్నీ వేరే. ప్లాన్ అసలు సైజులో ఉందా, విడి ప్రొపెల్లర్లు దొరుకుతాయా అని అడగండి. ప్రొపెల్లర్లు కనీసం నాలుగు ఉంచుకోండి.

కట్టేటప్పుడు కోత పని స్టీలు స్కేలు పెట్టుకునే చేయండి. ప్లాస్టిక్ స్కేలు మీదికి బ్లేడు ఎక్కి వేలి దాకా వస్తుంది. ఫెవిక్విక్ తెల్ల థర్మోకోల్‌ని తినేస్తుంది, ముందు చిన్న ముక్క మీద వేసి చూడండి. అది నూలు బట్ట మీద ఒలికితే చర్మం కాలేంత వేడెక్కుతుంది. లుంగీ మీద పెట్టుకుని అతికించే అలవాటు ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, నా తొడ మీద మచ్చ ఇంకా ఉంది. గ్లూగన్ జిగురు తొందరగా పట్టుకుంటుంది గానీ, ఎండలో ఆపిన కారులో మెత్తబడుతుంది. మోటారు బిగించే చోట దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు, స్క్రూలు వేయండి.

అన్నిటికన్నా భయపడాల్సింది ఈ విమానాల్లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరుతోనే ఎక్కించాలి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 ఆంపియర్లు మించొద్దు. సిమెంటు గచ్చు మీద, మట్టి కుండీలో పెట్టి, ఎదురుగా కూర్చునే ఎక్కించండి. రాత్రి పెట్టేసి పడుకోవడం, మంచం మీద పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఉబ్బినదాన్ని "ఇంకొక్కసారి" అని వాడకండి. వారం పాటు ఎగరేయకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచండి. మే నెలలో కారులో వదిలేయకండి.

ప్రొపెల్లరు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, వేలు పెడితే ఎముక దాకా కోస్తుంది. ఇంట్లో సర్వోలు సరిచూసేటప్పుడు దాన్ని విప్పేయండి. ఇది పిల్లలకు ఒకటికి పదిసార్లు చెప్పాలి. రిమోటు ముందు ఆన్ చేసి తర్వాత బ్యాటరీ తగిలించండి, ఆపేటప్పుడు దీనికి తిరగేసి. ప్రొపెల్లరు లేకుండానే మోటారు తిప్పి, రిమోటు ఆపి చూడండి. మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే రిసీవరులో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆపే ఏర్పాటు) సరిచేసేదాకా మైదానానికి వెళ్లొద్దు.

ఎక్కడ ఎగరేస్తారన్నది కొనకముందే తేల్చుకోండి. మన 2021 డ్రోన్ నియమాలు రిమోటుతో ఎగిరే మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో మీ చోటు రెడ్ జోన్ అయితే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. హైదరాబాద్‌లో బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ చుట్టుపక్కల వాళ్లూ, విశాఖలో నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా పక్కన ఉండేవాళ్లూ మేడ మీద నుంచి ఎగరేద్దామని అనుకోవద్దు. ఊరి బయట కోత అయిపోయిన మడి బాగుంటుంది, కరెంటు తీగలు లేకుంటే. సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి, మాంజా తగిలితే తోక ఉండదు.

పొద్దెక్కక ముందు, ఆకు కదలనప్పుడు వెళ్లండి. రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో పావు వంతు దగ్గర, లేదా కాస్త వెనక, రెండు వేళ్లతో ఎత్తి చూడండి. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కయితే అయిదారు సెంటీమీటర్లు. తోక కిందికి వాలుతుంటే బ్యాటరీ ముందుకు జరపండి. అలా వాలేదాన్ని విసరొద్దు, గాలిలో దాన్ని పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. గాలికి ఎదురుగా, విమానం ముక్కు పైకి ఎత్తకుండా తిన్నగా విసరాలి. విసిరేది ఒకరు, రిమోటు పట్టేది ఇంకొకరు. గద్దలు తిరుగుతుంటే కాసేపు ఆగండి, వాటికి మన విమానం అంటే ఎందుకో పడదు.