సొంత స్థలంలో ఇంటికి ఆవాస్ సాయం: ఇంటిపన్ను రసీదు ఉంటే చాలదు

భీమవరం, అమలాపురం, మండపేట లాంటి పట్టణాల్లో స్థలం ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద 2.5 లక్షల రూపాయలు ఇస్తారు. అందులో కేంద్రం వాటా 1.5 లక్షలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదు.

దరఖాస్తు పెట్టడం తేలికే. పథకం పోర్టల్లో ఆధార్ ఓటీపీ కొట్టి మీరే పెట్టుకోవచ్చు, లేదంటే వార్డు సచివాలయానికి వెళ్లండి. ఇంట్లో అందరి ఆధార్లు, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం దగ్గర పెట్టుకోండి.

ఆగిపోయేది స్థలం కాగితం దగ్గరే. ఏళ్ల తరబడి ఇంటిపన్ను, కరెంటు బిల్లు కడుతున్నాం కదా అని అవే పట్టుకెళ్తారు. పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదు. కావలసింది రిజిస్టరు దస్తావేజు, లేదా ప్రభుత్వం ఇచ్చిన పట్టా. అవి లేని పాత ఊరి స్థలాలవాళ్లు పొజిషన్ సర్టిఫికెట్ (స్థలం మీ స్వాధీనంలో ఉందనే ధ్రువపత్రం) కోసం తహసీల్దారుకు అర్జీ పెట్టాలి. కాలువ గట్టు మీద పాక వేసుకున్నవాళ్ల సంగతి వేరు. అది ఇరిగేషన్ భూమి, దానికి ఈ సాయం రాదు. "పట్టా రాయిస్తాం" అని డబ్బు అడిగేవాణ్ణి నమ్మొద్దు.

ఇంకో చిక్కు నాన్న పేరు మీదున్న స్థలం. ఈ పథకంలో కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు. కాబట్టి పెళ్లయిన కొడుకు విడిగా పెట్టుకోవచ్చు, నాన్నకు డాబా ఉన్నా అడ్డం కాదు. కానీ స్థలం మాత్రం అతని పేరునో, భార్య పేరునో ఉండాలి. నాన్న బతికి ఉంటే దాన దస్తావేజు, పోయి ఉంటే వారసులందరి భాగపంపిణీ పత్రం రిజిస్టరు చేయించండి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలు చెల్లవు. దస్తావేజులో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

మంజూరు రాకముందే పునాది తవ్వకండి. మొదటి జియోట్యాగ్ ఫోటో (ఎక్కడ తీశారో నమోదయ్యే ఫోటో) ఖాళీ స్థలానిదే తీస్తారు. మంచి ముహూర్తం దాటిపోతుందని తొందరపడి ఇబ్బంది పడేవాళ్లు ప్రతి వార్డులోనూ ఉంటారు. డబ్బు పని జరిగేకొద్దీ విడతలుగా, ఆధార్‌కు డీబీటీ (ప్రభుత్వ సాయం నేరుగా జమ కావడం) మ్యాపింగ్ అయిన ఖాతాకే పడుతుంది. అది ఏ బ్యాంకో ముందే కనుక్కోండి; పాసుపుస్తకం ఒకటిచ్చి, డబ్బు మూలపడ్డ మరో ఖాతాలో పడిందని తర్వాత వెతుక్కోవడం ఎక్కువే.