జిల్లాలో సైన్స్ సంఘం నడపాలంటే: విక్టోరియా కాలపు నియమాల్లో మనకు పనికొచ్చేవి

నెల్లూరులోనో ఒంగోలులోనో పక్షులు చూసేవాళ్లు, రాళ్లు పోగేసేవాళ్లు, టెలిస్కోపు ఉన్నవాళ్లు ఓ పదిహేను మంది కలిస్తే సంఘం పెడదామన్న మాట వచ్చే తీరుతుంది. పెట్టడం తేలిక. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సంతకాలు చేసి మెమొరాండం (సంఘం ఆశయాల పత్రం), బైలాస్ (నియమావళి) జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి. ఏడుగురు ఉండాలన్న నియమం 1860 నాటి పాత చట్టంలోనూ ఉంది. విక్టోరియా రాణి కాలంలో సాహిత్య, శాస్త్ర, ధర్మ సంఘాల కోసమే తెచ్చిన చట్టం అది. ఆ రోజుల్లో లండన్ సంఘాలు ఎట్లా నడిచాయో, ఎక్కడ దెబ్బతిన్నాయో తెలిస్తే బైలాస్ రాసుకోవడం సులువవుతుంది. ఎవరిదో నమూనా తెచ్చి పేరు మార్చి ఇచ్చేస్తే, గొడవ వచ్చిన రోజున అందులో జవాబు దొరకదు.

ముందు రాయాల్సింది ఎవరు ఎప్పుడు దిగిపోవాలన్నది. లండన్‌లోని పేరున్న శాస్త్ర సంఘం రాయల్ సొసైటీకి జోసెఫ్ బ్యాంక్స్ 1778 నుంచి 1820లో చనిపోయేదాకా అధ్యక్షుడు. 1830లో జాన్ హెర్షెల్ లాంటి శాస్త్రవేత్త పోటీకి నిలబడితే, రాజుగారి తమ్ముడు సస్సెక్స్ డ్యూక్ 119–111 ఓట్లతో గెలిచాడు. ఎమ్మెల్యే గారినో గ్రానైట్ క్వారీ యజమానినో గౌరవాధ్యక్షులుగా పెట్టుకోవాలన్న మన ఆలోచనకూ దీనికీ పెద్ద తేడా లేదు. పెట్టుకోండి, శాలువా కప్పండి. కార్యవర్గంలో ఓటు, చెక్కు మీద సంతకం మాత్రం వద్దు. 1870ల నుంచి రాయల్ సొసైటీ అధ్యక్షులు ఐదేళ్లకు మించి కూర్చోలేదు: హుకర్ 1873–78, స్టోక్స్ 1885–90, కెల్విన్ 1890–95. మన స్థాయికి రెండేళ్లు చాలు.

రాయల్ సొసైటీ కౌన్సిల్లో, అంటే కార్యవర్గంలో, 21 మంది. ఏటా పది మంది మారాలి, పదకొండు మంది ఉండాలి. ఈ పద్ధతిని యథాతథంగా తీసుకోవచ్చు. తొమ్మిది మంది కార్యవర్గమైతే ఏటా నలుగురు దిగాలి: ఎక్కువ కాలంగా ఉన్న ఇద్దరు, మీటింగులకు తక్కువసార్లు వచ్చిన ఇద్దరు. దిగినవాళ్లు ఒక ఏడాది ఆగి మళ్లీ నిలబడొచ్చు. మొదటి ఏడాది అందరూ సమానమే కాబట్టి చీటీలు వేయండి. అందరూ ఒకేసారి మారే పద్ధతి పెడితే పాత కార్యవర్గం దస్త్రాలు ఇంట్లో పెట్టుకుని కూర్చుంటుంది, కొత్తవాళ్లు రసీదు పుస్తకం కోసం తిరుగుతుంటారు.

కార్యదర్శి సంగతి వేరు. స్టోక్స్ 1854 నుంచి 1885 దాకా, 31 ఏళ్లు కార్యదర్శి. ఉత్తరాలు, వ్యాసాలు, ముద్రణ తెలిసినవాణ్ణి ఏటా మారిస్తే పని ఆగుతుంది. అయితే ఆ సొసైటీలో జీతమిచ్చి పెట్టుకున్న సహాయ కార్యదర్శి కూడా ఉండేవాడు, దస్త్రం ఎప్పుడూ ఒక్క మనిషి చేతిలో లేదు. మీకు జీతమిచ్చే స్తోమత ఉండదు. సంయుక్త కార్యదర్శిని పెట్టి, మెయిల్ పాస్‌వర్డు, రబ్బరు స్టాంపు, మినిట్స్ బుక్ ఎక్కడుంటాయో ఇద్దరికీ తెలిసేలా చూడండి.

సభ్యత్వానికి అప్పట్లో దరఖాస్తు మీద పాత సభ్యులు సంతకాలు చేసి, దాన్ని గదిలో వేలాడదీసి, తర్వాత ఓటు వేసేవారు. మనకు ఇద్దరి సంతకాలు, ఒక మీటింగులో పేరు చదవడం, తర్వాతి మీటింగులో ఆమోదం సరిపోతాయి. చేరి మూడు నెలలు కానివాళ్లకు ఓటు లేదని తప్పక రాయండి. లేకుంటే ఎన్నికకు ముందు రోజు ఎవరో ఒకరు నలభై మంది బంధువుల చందా కట్టేస్తారు.

ఇక వ్యాసాల విషయం. అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నావికాదళ కుర్రాళ్లకు చదువు చెప్పే వాటర్‌స్టన్ అనే ఆయన వాయు కణాల చలనం మీద 1845లో రాయల్ సొసైటీకి ఒక వ్యాసం పంపాడు. చూసినవాళ్లు తిప్పికొట్టారు. నియమం ప్రకారం సొసైటీకి చేరిన వ్యాసం వెనక్కి ఇవ్వరు, ఆయన దగ్గర ఇంకో ప్రతి లేదు. 1891లో కార్యదర్శిగా ఉన్న రేలీ దస్త్రాల్లోంచి బయటికి తీసి, 1892లో అచ్చు వేయించాడు. అప్పటికి రచయిత పోయాడు, అదే సిద్ధాంతం వేరేవాళ్ల పేర్ల మీద స్థిరపడిపోయింది.

అందువల్ల మీ పద్ధతి ఇట్లా ఉండాలి. వ్యాసం అందిన రోజే తేదీ వేసి, రిజిస్టర్‌లో నంబరు ఇచ్చి, రచయితకు మెసేజ్ పెట్టండి. ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపండి. ఒకరైనా కార్యవర్గం బయటివారై ఉండాలి. నాలుగు వారాలు గడువు. అభిప్రాయం రాతపూర్వకంగా రావాలి, తిప్పి పంపితే కారణం రచయితకు చేరాలి. హక్కులు రచయితవే అని బైలాస్‌లో ఒక వాక్యం పెట్టండి. పెన్నలో ఏ పక్షి ఎప్పుడొచ్చిందో రాసిన రెండు పేజీలకైనా ఇదే పద్ధతి. ముందు ఎవరు చూశారన్న తగవు వచ్చినప్పుడు తీర్చేది అందిన తేదీయే.

మినిట్స్ పుస్తకం బైండు చేసి, పేజీ నంబర్లు వేసినదే కొనండి. విడి కాగితాలు వద్దు. వాదోపవాదాలు రాయక్కర్లేదు. తీర్మానం, ఎవరు చేయాలి, ఎంత ఖర్చు, ఏ తేదీలోగా అన్నవి చాలు. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన పొట్టి సంతకం చేయాలి, వైట్‌నర్ పూయకూడదు. తర్వాతి మీటింగు మొదట్లో చదివి అధ్యక్షుడు సంతకం పెట్టాలి. వాట్సాప్‌లో కుదిరిన మాటను కూడా మీటింగులో తీర్మానంగా రాసుకోవాలి. తొమ్మిది మందిలో ఐదుగురు కోరం, అంటే మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు. సర్వసభ్య సమావేశానికి సగం మంది అని రాస్తే కావలి, కందుకూరు వాళ్లు రాక ప్రతిసారీ వాయిదానే. మూడో వంతు పెట్టి, అరగంట ఆగాక వచ్చినవాళ్లతో జరపొచ్చని చేర్చండి. సైన్స్ ప్రచారానికి పెట్టిన బ్రిటిష్ అసోసియేషన్ 1831లో యార్క్‌లో మొదలై ఏటా ఊరు మార్చేది: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఎడిన్‌బరో, డబ్లిన్. మీరూ తిరగండి.

డబ్బు దగ్గర చాలామంది శాశ్వత సభ్యత్వంతోనే మునుగుతారు. రాయల్ సొసైటీ ఏటా 4 పౌండ్లు, జీవితకాలానికి ఒకేసారి 60 తీసుకునేది, అంటే 15 ఏళ్ల చందా. మీ చందా 300 అయితే శాశ్వత సభ్యత్వం 4,500 పెట్టండి. ఏడు శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్లో 315 వడ్డీ వస్తుంది, చందా గిట్టుతుంది. పదేళ్ల లెక్కన 3,000 తీసుకుంటే వచ్చేది 210, ఏటా 90 లోటు. ఆ లోటుకు అసలు ముట్టుకుంటే వచ్చే వడ్డీ కూడా ఏటా తగ్గిపోతుంది. చెక్కుకు ఇద్దరి సంతకాలు, ప్రతి ఖర్చుకూ ఓచరు. లెక్కలు చూడడానికి అప్పట్లో కౌన్సిల్ తరఫున కొందరు, సభ్యుల తరఫున కొందరు ఆడిటర్లు ఉండేవారు. మీరూ ఒక్కొక్కరిని పెట్టండి, కోశాధికారి బావమరిదిని కాదు.

రాయల్ సొసైటీ వార్షిక సమావేశం నవంబర్ 30న. ఆ తేదీ మనకు కుదరదు, తుఫాన్లు వచ్చే రోజులు. మార్చి 31న లెక్కలు మూసి, జూన్‌కి ఆడిట్ చేయించి, జూలై ఆదివారం ఒకటి పెట్టుకోండి. కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వడానికి రెండు వారాలు దాటనివ్వకండి. ఆగితే బ్యాంకు కొత్త సంతకాలు ఒప్పుకోక పోట్లాట మొదలవుతుంది.

చివరగా, ఎవరైనా మ్యూజియం పెడదామంటే తొందరపడొద్దు. లండన్ జియొలాజికల్ సొసైటీయే తన సేకరణ మోయలేక 1911లో వేరే మ్యూజియాలకు ఇచ్చేసింది. పక్షుల గుడ్లు, చచ్చిన పక్షులు తీసుకుంటే 1972 వన్యప్రాణి చట్టంతో చిక్కు. చీమకుర్తి రాయి లాంటివి తెస్తే దొరికిన చోటు, తేదీ, ఇచ్చినవారి పేరు రాసి రిజిస్టర్‌లో ఎక్కించండి. బీరువా నిండితే కాలేజీ జియాలజీ విభాగానికి ఇచ్చి రసీదు తీసుకోండి.